రీఫ్ ట్యాంకులో పఫర్ ఫిష్ పెట్టొచ్చా? ఏ రకం, ఏ ట్యాంకు, ఎవరికి

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీది రీఫ్ ట్యాంకు అయితే, అంటే ఉప్పునీటి ట్యాంకులో ఇప్పటికే బతికున్న పగడాలు పెరుగుతూ, వాటి మధ్య నత్తలు, క్లీనర్ రొయ్యలు, హెర్మిట్ పీతలు తిరుగుతుంటే, బెదిరితే ఒళ్లు ఉబ్బించే పఫర్ ఫిష్ జోలికి వెళ్లొద్దు. పఫర్ మీదే మనసుంటే ముందు పఫర్‌ను ఖాయం చేసుకుని, ట్యాంకును దానికి తగ్గట్టు కట్టుకోండి. పగడాలు ఆ తర్వాతి మాట. ఈ రెండిటికీ మధ్య ఒక ఇరుకు దారి ఉంది. చిన్న జాతి టోబీ పఫర్ ఒకే ఒక్కటి, దాని పక్కన మెత్తని లెదర్ పగడాలు. ఆ దారి పట్టేవాళ్లు కొన్ని ప్రాణులు పోతాయని ముందే ఒప్పుకుని దిగాలి.

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఉప్పునీటి చేపలు అమ్మే షాపులు తక్కువే. వచ్చే సరుకు చాలాసార్లు చెన్నై నుంచి రాత్రంతా ప్రయాణం చేసి దిగినది. ఆ సంచుల్లో ఒక వాలెంటిని పఫర్ ఉందంటే షాపుకొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందే ఆగుతారు. తెల్లటి ఒంటి మీద నాలుగు నల్లటి పట్టీలు, పసుపు తోక, మనిషిని చూసి అద్దం దగ్గరకు వచ్చే చనువు. "పగడాల జోలికి పోదా అన్నా?" అని అడిగితే, "ఏం చేయదు తమ్ముడూ, మా దగ్గర నెల నుంచి ఉంది, దేన్నీ ముట్టుకోలేదు" అంటాడు షాపాయన. ఆయన అబద్ధం చెప్పడం లేదు. షాపు ట్యాంకులో నీళ్లు, ఒక పైపు ముక్క తప్ప ముట్టుకోవడానికి ఏమీ లేదు. కాబట్టి షాపులో దాని నడవడిక చూసి ఇంట్లో ఎలా ఉంటుందో తేల్చుకోలేం.

అసలు సంగతి నోట్లో ఉంది. పఫర్లు చేరిన కుటుంబం టెట్రాడాంటిడే. పై దవడలో రెండు, కింది దవడలో రెండు పళ్లు అతుక్కుపోయి అడకత్తెర లాంటి ముక్కు ఏర్పడుతుంది. ఆ ముక్కు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటుంది. గట్టి పెంకులు నమిలితేనే అరుగుతుంది. అరగకపోతే పెరిగి పెరిగి నోరు మూతపడి చేప ఆకలితో చచ్చిపోతుంది. అంటే కొరకడం దానికి పుట్టుకతో వచ్చిన అవసరం, మాన్పించే అలవాటు కాదు. "కడుపు నిండా పెడితే కొరకదు" అనే మాట సగమే నిజం. కడుపు నిండితే కొరకడం తగ్గుతుంది, మానదు.

రీఫ్‌కు పనికొస్తుందా అని అడిగేటప్పుడు మనవాళ్లు పగడాల గురించే ఆలోచిస్తారు. పఫర్ విషయంలో మొదట పోయేవి పగడాలు కావు, ట్యాంకు శుభ్రం చేసే సిబ్బంది. టర్బో నత్తలు, హెర్మిట్ పీతలు, ఫెదర్ డస్టర్ పురుగులు, పాచి తినే సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు), ట్రైడాక్నా ఆల్చిప్పలు, ఇవన్నీ పఫర్ కంటికి భోజనమే. క్లీనర్ రొయ్య కొన్నాళ్లు నిలవొచ్చు, కానీ అది కుబుసం విడిచిన రాత్రి ఒళ్లు మెత్తగా ఉంటుంది. నత్తలు పోతే పాచి పెరుగుతుంది, పాచి పగడాలను కప్పేస్తుంది. పఫర్ ఒక్క పగడాన్నీ ముట్టుకోకుండానే రీఫ్‌ను పాడుచేసే దారి ఇది. చాలామంది లెక్కలో ఇది ఉండదు.

ఇక రకాల వారీగా చూద్దాం.

టోబీ పఫర్లు

కాంతిగాస్టర్ జాతివి. మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు: వాలెంటిని, నీలి చుక్కల సొలాండ్రి. రెండూ పెరిగితే 11 సెంటీమీటర్ల దగ్గర ఆగుతాయి. రీఫ్‌లో ప్రయత్నించదగ్గ పఫర్లు ఏవైనా ఉంటే ఇవే. వాలెంటిని సముద్రంలో తినేవాటిలో పాచి, ట్యూనికేట్లు (రాళ్లకు అతుక్కుని ఉండే మెత్తని సంచుల్లాంటి జీవులు) ఎక్కువ. పగడాలు, పురుగులు, నత్తలు, ముళ్లకాయలు కొద్దికొద్దిగా. ఆ "కొద్దికొద్దిగా" అన్నది సముద్రంలో ఎకరాల కొద్దీ పరుచుకున్న దిబ్బ మీద కొద్దిగా. నాలుగడుగుల ట్యాంకులో టార్చ్ కోరల్ అనే కండ పగడాలు రెండు ఉంటే ఆ కొద్దీ వాటి మీదే పడుతుంది.

ఆకలిగా ఉన్న వాలెంటిని ఒక టార్చ్ కోరల్ దగ్గరకు ఎలా వస్తుందో చూడండి. ఒళ్లు కదలదు, పక్క రెక్కలు మాత్రం ఆడుతుంటాయి. ఒక కన్ను మన వైపు, రెండోది పగడం వైపు. రెండు కళ్లనూ వేర్వేరుగా తిప్పగలదు. అర అంగుళం జరుగుతుంది, ఆగుతుంది, తల కొంచెం వాలుస్తుంది. టక్. పగడపు మెత్తని వేలు లాంటి టెంటకిల్ ఒకదానికి కొస లేదు. పగడం మొత్తం లోపలికి ముడుచుకుంటుంది. పఫర్ ఆ ముక్కను నోట్లో కాసేపు ఆడించి ఉమ్మేస్తుంది. ఏమిటో తెలుసుకోవడానికే కొరికింది తప్ప తినడానికి కాదు. పగడానికి మాత్రం రెండూ ఒకటే. ఆ గాయం దగ్గర కండ కుళ్లి గోధుమ రంగు జిగురులా మారితే ఒక్కో తల పోతూ రెండు మూడు రోజుల్లో గుత్తి మొత్తం పోవచ్చు.

అలాగని ప్రతి వాలెంటిని ఇలాగే చేస్తుందని కాదు. ఏళ్ల తరబడి పగడాల మధ్య పెద్దగా నష్టం చేయకుండా బతికినవీ ఉన్నాయి, మొదటి వారంలోనే జోయాంథిడ్లను (బొత్తాల్లాంటి చిన్న మెత్తని పగడాలను) కొరికి ఖాళీ చేసినవీ ఉన్నాయి. ఒకే జాతిలో ఒక్కోదాని తీరు ఒక్కో రకం, ముందుగా తెలుసుకునే ఉపాయం లేదు. బుద్ధిగా ఉన్నది ఏడాది తర్వాత మొదలుపెట్టడమూ మామూలే. ఒక పఫర్ రీఫ్‌కు పనికొస్తుందని ఎవరైనా చెబితే ఆ మాట ఆ ఒక్క చేపకు, ఆ ఒక్క ట్యాంకుకు, ఇవాళ్టి వరకే చెల్లుతుంది.

టోబీని ఎప్పుడూ ఒంటరిగానే పెట్టండి. మగది తన హద్దు కాపాడుకుంటూ కొన్ని ఆడవాటితో ఉండే జాతి ఇది. అద్దాల మధ్య ఇరుకులో రెండిటిని పెడితే ఒకటి రెండోదాన్ని బతకనివ్వదు. లయన్ ఫిష్ లాంటి నెమ్మది చేపలు, పొడవాటి రెక్కల చేపలు పక్కన ఉంటే రెక్కల అంచుల్లో అర్ధచంద్రాకారపు కోతలు కనిపిస్తాయి. ఆ కోత కనిపిస్తే దొంగ కోసం ఇంకెక్కడా వెతకక్కర్లేదు. ట్యాంకు కనీసం 150 నుంచి 200 లీటర్లు ఉండాలి.

వాలెంటినికి అచ్చు గుద్దినట్టుండే చేప ఇంకొకటి ఉంది, పారాలుటెరెస్ అనే ఫైల్ ఫిష్. పఫర్ విషానికి భయపడి పెద్ద చేపలు వదిలేస్తాయి కాబట్టి దాని వేషం వేసుకుని బతుకుతుంది. తేడా రెక్కల్లో తెలుస్తుంది: పఫర్‌కు వీపు మీద రెక్క వెనక్కి, చిన్నదిగా ఉంటుంది, ఫైల్ ఫిష్‌కు వీపు మీద, పొట్ట కింద తోకదాకా సాగిన పొడవాటి రెక్కలుంటాయి. సంచిలో చూసి పొరబడడం తేలిక. షాపులో ఏ పేరు చెప్పినా రెక్కలు చూసి కొనండి.

డాగ్‌ఫేస్, పోర్కుపైన్ లాంటి పెద్దవి

మనసు దోచే చేపలంటే నిజానికి ఇవే. డాగ్‌ఫేస్ పఫర్, అంటే ఆరోత్రాన్ నైగ్రోపంక్టాటస్, 33 సెంటీమీటర్లు పెరుగుతుంది. యజమానిని గుర్తుపడుతుంది, మేత వేళకు నీటి పైకొచ్చి నోటితో నీళ్లు చిమ్ముతుంది. కానీ సముద్రంలో అది అక్రోపోరా పగడాల కొసలు కొరికి తినే చేప. దాని దగ్గరి బంధువు గినీఫౌల్ పఫర్, మెలియాగ్రిస్, 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. తూర్పు పసిఫిక్‌లో దాని ప్రధాన ఆహారమే పగడాల కొసలు. తెల్ల చుక్కల హిస్పిడస్ పఫర్‌దీ దాదాపు అదే సైజు. స్టెల్లాటస్ అనే పఫర్ 120 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇంట్లో పెట్టే ఆలోచనే వద్దు. అరచేతిలో సగం ఉన్న పిల్లను చూపించి అమ్ముతారు కాబట్టి ఈ కొలతలు గుర్తుపెట్టుకుని షాపుకు వెళ్లండి.

ముళ్ల పోర్కుపైన్, డయోడాన్ హోలోకాంథస్, పగడాలను డాగ్‌ఫేస్ అంతగా తినకపోయినా, పెంకున్న ప్రాణి దేన్నీ మిగల్చదు. రాళ్లను తోసేస్తుంది, పగడపు ముక్కలు అతికించిన చోటి నుంచి ఊడిపోతాయి. హీటర్ రబ్బరు బిళ్లలు, గాలి ట్యూబు, మోటారు వైరు కూడా కొరుకుతుంది. వైర్లను పీవీసీ గొట్టంలో పెట్టి లాగండి, నీటిలో అలలు పుట్టించే వేవ్ మేకర్‌కు జాలీ తొడగండి.

ఈ పెద్దవాటికి నప్పేది పగడాలు లేని, లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి), చేపలు మాత్రమే ఉన్న ట్యాంకు. 500 లీటర్లకు తక్కువైతే వద్దు, 700 ఉంటే మంచిది. నురగతో నీటి మురికి తీసే పెద్ద స్కిమ్మర్ తప్పనిసరి. ఇవి తినేది ఎక్కువ, తినేటప్పుడు ముక్కలు చేసి చిందించేది ఇంకా ఎక్కువ. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎగబాకుతాయి. గట్టి పగడాలు ఓర్వలేని నీరు అదే. డాగ్‌ఫేస్ ఒక్క కొసా కొరకదని దేవుడే హామీ ఇచ్చినా, దాని మేతతో పాడయ్యే నీళ్లలో అక్రోపోరా బతకదు.

పఫర్ల పక్కనే అమ్మే బాక్స్ ఫిష్ గురించి ఒక్క మాట. పసుపు రంగులో చుక్కలతో పాచికలా ఉండే పిల్లను చూసి పఫర్ అనుకుని కొంటారు. 45 సెంటీమీటర్లు పెరుగుతుంది, బెదిరినా చచ్చినా చర్మం నుంచి విషం వదిలి ట్యాంకులోని చేపలన్నిటినీ చంపగలదు. పఫర్ల విషం, టెట్రోడోటాక్సిన్, వేరే సంగతి. అది కాలేయం, అండాశయం, చర్మం లాంటి భాగాల్లో ఉంటుంది, తిన్నవాళ్లకు ప్రమాదం. పఫర్ ట్యాంకులో ఉన్నంత మాత్రాన నీళ్లు విషం కావు. అయితే చచ్చిన పఫర్‌ను పిల్లికో కుక్కకో అందేలా పారేయకుండా లోతుగా పాతిపెట్టండి.

నిజాంపట్నం, మచిలీపట్నం బోట్ల వలల్లో పడే వెండి రంగు పఫర్లను సరదాకు తెచ్చేవాళ్లూ ఉంటారు. అవి బయటి సముద్రంలో ఈదే జాతులు, ఇంటి ట్యాంకుకు ఏ రకంగానూ పనికిరావు.

పగడాల వైపు నుంచి చూస్తే

వాలెంటిని పెట్టి తీరాలనుకున్నవాళ్లు పగడాలను జాగ్రత్తగా ఏరుకోవాలి. సార్కోఫైటన్ లాంటి లెదర్ పగడాలు, కెన్యా ట్రీ, పుట్టగొడుగు పగడాలు కొంత నయం. లెదర్ల ఒంట్లో చేపలకు రుచించని రసాయనాలున్నాయి, ఒకసారి కొరికితే మళ్లీ రావడం తక్కువ. జోయాంథిడ్లు సగం సగం. హామర్, టార్చ్, ఫ్రాగ్‌స్పాన్, బ్రెయిన్, అకాన్ లాంటి కండ నిండిన పగడాలు వద్దే వద్దు, ఖరీదైనవీ అవే, మొదట గాయపడేవీ అవే. ఇంకో మాట: మన దేశపు సముద్రంలోని గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972, మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కాగితాలు లేని పగడం ఎంత చవకగా వచ్చినా ఇంటికి తేవద్దు.

మేత దగ్గర మన ప్రాంతానికి అదృష్టం ఉంది. రొయ్యల చెరువుల జిల్లాల మధ్య ఉన్నాం, పెంకుతో ఉన్న రొయ్య ఏ చేపల మార్కెట్లోనైనా దొరుకుతుంది. ఒలిపించకుండా తెచ్చి, రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, పెంకుతోనే వేయండి. ఆల్చిప్పలు, చిన్న పీత కాళ్లు వారంలో రెండు మూడు సార్లు. రొయ్య ఒక్కటే నెలల తరబడి పెడితే విటమిన్ బీ1 లోపిస్తుంది; రకాలు మారుస్తూ, అప్పుడప్పుడు విటమిన్ చుక్కలు వేసి పెట్టాలి. బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల నుంచి నత్తలు ఏరి తెచ్చి వేయడం మాత్రం వద్దు. పొలాల మందులు కలిసిన నీళ్లలో పెరిగిన నత్తలు అవి. డాబా మీద ఒక టబ్బులో చిన్న నత్తలను మీరే పెంచుకోండి, పాలకూర ఆకులు వేస్తే చాలు. ముక్కు పెరిగి నోరు మూతపడే దశ వస్తే లవంగ నూనెతో మత్తిచ్చి కత్తిరించాలి. చేతులకు అలవాటు లేనివాళ్లు చేసే పని కాదది. మన ఊళ్లలో చేపలకు వైద్యం చేసే డాక్టరు దొరకడం కష్టం కాబట్టి ఆ దశ రాకుండా చూసుకోవడమే మార్గం.

నీళ్లు, ఎండ, జబ్బు

సూర్యలంక నుంచి క్యాన్లతో సముద్రపు నీళ్లు తెచ్చి ట్యాంకు నింపే ఆలోచన గుంటూరు వాళ్లకు తరచూ వస్తుంది. హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే ఆ తీరంలో వరదల కాలంలో నీళ్లు బురదగా, ఉప్పు తగ్గి ఉంటాయి. బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. ఖనిజాలన్నీ వడగట్టిన ఆర్వో డీఐ నీళ్లలో రీఫ్ ఉప్పు కలిపి, సాంద్రత 1.025 దగ్గర ఉంచుకోవడమే సరైన పద్ధతి.

వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. విజయవాడ మే నెలలో బయట 45 దాటిన రోజులుంటాయి, నీటిని చల్లబరిచే చిల్లర్ లేని ట్యాంకులో పగడాలు తెల్లబోవడం ఖాయం. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, బాగా తినే చేపకు అది రెట్టింపు కష్టం. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు కొనకుండా పఫర్‌ను కొనకండి.

జబ్బు సంగతి నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది. పఫర్లకు మామూలు పొలుసులు ఉండవు, తెల్లచుక్కల వ్యాధి త్వరగా అంటుకుంటుంది. ఆ వ్యాధికి వాడే రాగి మందు పగడాలను, రొయ్యలను, నత్తలను చంపేస్తుంది. ఉప్పు తగ్గించే వైద్యమూ అంతే. అంటే రీఫ్ ట్యాంకులో చేపకు వైద్యం చేయలేం, బయటికి తీయాల్సిందే. తీసినా రోగక్రిములు ట్యాంకులో ఉండిపోతాయి కాబట్టి దాదాపు రెండున్నర నెలలు అందులో చేప అన్నదే లేకుండా ఉంచాలి. లైవ్ రాక్ నిండిన ట్యాంకులో పఫర్‌ను పట్టుకోవడం ఎంత కష్టమో పట్టినవాళ్లకే తెలుసు, రాళ్లన్నీ తీయాల్సి వస్తుంది. పట్టేటప్పుడు వల వాడకండి, నీటిలోనే డబ్బాలోకి తోలి నీళ్లతో సహా ఎత్తండి. నీటి పైన బెదిరి గాలి మింగి ఉబ్బితే ఆ గాలి బయటికి పోక చేప చచ్చిపోవచ్చు. సరదాకు ఉబ్బించి చూపించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. దానికి అది ప్రాణభయం.

అందుకే ఎవరికి ఏది అన్న ప్రశ్నకు నా కొలబద్ద రెండో ట్యాంకు. 100 లీటర్ల ఖాళీ ట్యాంకు, ఫిల్టరు, హీటరు సిద్ధంగా ఉండి, కొత్త చేపను నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచే ఓపిక ఉన్నవాళ్లు వాలెంటినీని లెదర్ పగడాలతో ప్రయత్నించొచ్చు. కొరకడం మొదలుపెట్టిన రోజు దానికి వెళ్లే చోటు ఉంటుంది. ఆ రెండో ట్యాంకు లేకపోతే ఈ మధ్య దారి మూసుకుపోయినట్టే, పగడాలో పఫరో ఒక్కటే ఎంచుకోండి. అపార్ట్‌మెంట్ హాల్లో మూడడుగుల ట్యాంకు మాత్రమే పట్టేవాళ్లకు రీఫ్ నప్పుతుంది. చనువుగా తిరిగే చేప కావాలంటే ఆసిలారిస్ క్లౌన్ ఫిష్ జంట పెట్టుకోండి. ఇవి మన దేశంలోనే పిల్లలు చేయించి పెంచుతున్న చేపలు, సముద్రం నుంచి పట్టి తెచ్చినవి కానక్కర్లేదు. పిస్టల్ రొయ్యతో కలిసి ఒకే బొరియలో కాపురం చేసే గోబీ చేప ఇంకా బాగుంటుంది. గంటల కొద్దీ చూడొచ్చు.

పెద్ద ఇల్లు, ఆరడుగుల ట్యాంకు పట్టే చోటు, మేతకు, నీళ్ల మార్పుకు విసుగు లేని మనిషి అయితే డాగ్‌ఫేస్ లేదా పోర్కుపైన్. పగడాల బదులు మంచి రాతి గుహలు కట్టండి. ఆ చేప ఉన్న ఇంట్లో పగడాలు లేవన్న లోటు ఎవరికీ అనిపించదు.

ఉప్పునీటి ఖర్చే వద్దనుకుంటే పశ్చిమ కనుమల నదుల్లో పుట్టిన పీ పఫర్ (బఠాణీ పఫర్) ఉంది, మూడున్నర సెంటీమీటర్లు మించదు, మంచినీళ్లు, మొక్కలు, నత్తలు చాలు. సహజ ఆవాసాల్లో తగ్గిపోతున్న జాతి, అందుకే ట్యాంకులో పుట్టినవి దొరికితే అవే తీసుకోండి. మంచినీటి పఫర్ అని అమ్మే పచ్చ చుక్కల పఫర్ మాత్రం ఉప్పు కలిసిన నీళ్ల చేప, మంచినీళ్లలో నీరసించిపోతుంది.

ఏది ఎంచుకున్నా కొనడం దసరా తర్వాత, సంక్రాంతి లోపు పెట్టుకోండి. ఎండల్లో ప్రయాణం చేసి వచ్చిన చేప సగం ప్రాణంతో దిగుతుంది. షాపులో మీ కళ్ల ముందే మేత వేయించండి. తినని పఫర్‌ను జాలిపడి కొనకండి. పొట్ట లోపలికి గుంటపడిందా, ముక్కు రెండు భాగాలూ సరిగ్గా కలుస్తున్నాయా, కళ్లు తేటగా ఉండి వేర్వేరుగా తిరుగుతున్నాయా, పక్క రెక్కల అంచులు చిరిగాయా చూడండి. అన్నీ బాగుంటే ఇంకో రెండు వారాలు షాపులోనే ఉంచమని అడ్వాన్సు ఇచ్చి రండి, ఈలోపు మీ విడి ట్యాంకులో నీళ్లు పరీక్షించి అమ్మోనియా సున్నా ఉందో లేదో చూసుకోవచ్చు.